ఇప్పపువ్వుకు పొగ వాసన

9 మార్చి 2025, ఆదివారం

ఇప్పపువ్వు రాలడం మొదలైంది. ఈ ఏడాది చెట్ల కింద ఆకులు కాల్చకూడదట. వలలు కట్టారు. మా తర్లగూడ మహిళా సమూహ్‌కి సోమ్లీ ప్రెసిడెంట్. మట్టి తగలొద్దు, పొగ అసలే తగలొద్దు, ఇది సారాకు పోయే పువ్వు కాదు, లండన్ల చాయ్‌లో ఏసుకునేది అని చెప్పింది. ఆ దొరసానులు తాగి చెట్టెక్కుతరేమో అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరం నవ్వాం. మంగల్ పోయాక నేను నవ్వడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

11 మార్చి

మంగల్ నా కొడుకు. పోయిన మార్చిలో తెలంగాణకు మిర్చి ఏరడానికి పోయాడు. ఎండదెబ్బ తగిలి కల్లంలోనే పడిపోయాడు. నేను రాస్తున్న ఈ పేజీలు వాడి బడి కాపీలో మిగిలినవి.

ఇప్పుడు వాడి చెల్లెలు లక్కే ఒక్కతే ఉంది. పిల్లను పంపుతవా అని మిర్చి మేస్త్రీ ఇవాళ వచ్చి అడిగాడు. లేదన్నాను. పువ్వు కొనే కంపెనీ దగ్గర మా శాంపిల్ పాసైతే సమూహ్ సెంటర్‌లో పువ్వు ఎండబెట్టే పని లక్కేకే అని సోమ్లీ మాటిచ్చింది. కాకపోతే అప్పుడు చూద్దాంలే అని మేస్త్రీ బీడీ వెలిగించుకున్నాడు.

13 మార్చి

కంపెనీ నుంచి సత్యమూర్తి సార్ వచ్చి మీటింగ్ పెట్టాడు. ధర ఇక మన సంతలో తేలదట, సముద్రం అవతల తేలుతుందట. వాళ్లకు కావలసినట్టు మనం మారాలట. మారినంక వాళ్లు వద్దంటే ఏంది సార్ అని అడిగాను. మంచి ప్రశ్న అని రాసుకున్నాడు.

16 మార్చి, మధ్యాహ్నం

మాలో ఎవరైనా పోతే, ఏడాది తిరిగాక తొలి పువ్వు వాళ్లకు పెట్టి గుగ్గిలం పొగ వేయాలి. అంతవరకు పువ్వు ఇల్లు దాటకూడదు. మా అత్త చేసింది. ఇవాళ నేనూ చేశాను. పెరట్లో, ఆరబెట్టిన పువ్వు పక్కనే. దూరంగా వేద్దామనుకున్నాను. దూరం నుంచి వేస్తే వాడికెలా తెలుస్తుంది. కొంచెమే వేశాను. గాలికి పోతుందనుకున్నాను.

17 మార్చి

సెంటర్‌లో అందరి పువ్వూ కలిపేశారు.

20 మార్చి

శాంపిల్ ఫెయిల్. సార్ గుప్పెడు తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. గుగ్గిలం అన్నాడు. ఎండే పువ్వు ఏ వాసనైనా పట్టేసుకుంటుందట. ఒక్కరి పువ్వుతో బస్తాలన్నీ పోయాయి. సార్ కోప్పడలేదు. అదే ఎక్కువ బాధ.

ఎవలు చేసిండ్రో చెప్పుండ్రి, కొడతనా అని సోమ్లీ అడిగింది. లక్కే లేచి, నేనే చిన్నమ్మా, దోమలకు పెట్టిన అంది. అది ఆ రోజు పెరట్లో నన్ను చూసింది. ఏంది పిల్లా, ఇంతమంది కూట్లె పొగ పెడితివి, నీకు సెంటర్ పనెట్లిస్త అంది సోమ్లీ. నేను చాప వైపు చూస్తూ కూర్చున్నాను. తల్లినై ఉండి.

21 మార్చి

లక్కే మేస్త్రీకి వస్తానని చెప్పేసింది. బట్టలు సర్దుకుంటోంది. నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను. నువ్వు చెప్తే అన్న పేరు వస్తది అవ్వా, అన్నను తిట్టుకుంటరు అంది. ఆ మాట అంటూ కూడా బట్టలు మడత పెడుతూనే ఉంది.

22 మార్చి, పొద్దున

సోమ్లీ ఇంటికి పోయి చెప్పేశాను. ఆమె పువ్వులో చెత్త ఏరుతోంది. పోయిన మా ఆయనకు నేనింకా తొలి పువ్వు పెట్టలే అక్కా, శాంపిల్ అయినంక పెడదామని ఆగిన అంది. నా ముఖం చూడలేదు.

సార్ మళ్లీ ఒకసారి, కొత్తగా రాలిన పువ్వుతో శాంపిల్ తీసుకుంటాడట. లక్కేను సెంటర్‌కి రమ్మంది. నన్ను రమ్మనలేదు.

మనిషి తక్కువైతే మేస్త్రీ ఊరుకోడు. లక్కే సెంటర్‌కి పోయిన తర్వాత దాని బదులు నేనే మేస్త్రీ బండెక్కాను.

29 మార్చి

మేమేరే ఈ మిర్చి చైనా పోతుందట. మేస్త్రీ గొప్పగా చెప్పాడు.

మంగల్ పడింది ఈ కల్లంలో కాదు. అయినా నేల తాకి చూశాను. కాలుతోంది.