పొడి గొంతు

అర్పా పచ్చిక మైదానం
జూన్ మొదట్లో

ప్రియమైన నా చిట్టి నురిజాకి,

అక్క అనీపా రాసేది. నేను బాగానే ఉన్నాను. మరిది వాళ్ళతో కలిసి మంద తోలుకుని కొండపైకి వచ్చేశాను. గుర్రపు పాలు పులియబెట్టడం మొదలుపెట్టాం. ఒక సీసా వ్యాన్ డ్రైవర్ కుబత్ చేత పంపుతున్నా, దారిలో వాడే తాగెయ్యకపోతే నీకు చేరుతుంది. ఇక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఉన్నా నాకెందుకు? ఆపరేషన్‌లో గొంతు కోసి తీసేశాక ఈల తప్ప ఏం వస్తోంది కనక. ఇక ఈ కాగితాలే మనకు దిక్కు.

అసలు సంగతి చెప్తాను. సెప్టెంబర్లో మీ బావ పోయి ఏడాది, ఆయన పేరున విందు పెట్టాలి. పోయినేడు ఆయన్ని గుడారంలో పడుకోబెట్టినప్పుడు నేను అందరు ఆడవాళ్ళలాగే గోడవైపు తిరిగి కూర్చుని నోరు తెరిచాను. గాలి వచ్చింది, అంతే. బయట మగవాళ్ళు గుర్రాలు దిగి ఏడుస్తూ వస్తుంటే లోపల్నుంచి ఏడుపు పాటతో జవాబివ్వాల్సిన పెళ్ళాం మూగదై కూర్చుంది. జూరా వదిన ఊరుకుంటుందా, "ఊళ్ళో వాళ్ళందరికీ ఏడ్చిపెట్టింది, కట్టుకున్నవాడికి మిగల్లేదు పాపం" అంది. పుండు మీద కారం చల్లినట్టైంది.

నువ్వు బిష్కెక్‌లో నాటకాలకి కంప్యూటర్‌లోనే గాలీ వానా తోడేళ్ళ చప్పుళ్ళు పుట్టిస్తావు కదా. నాకో గొంతు పుట్టించు. పాట వేరే కాగితం మీద రాశాను. రాగం నీకు తెలుసు, అమ్మ పోయినప్పుడు నేను పాడినదే. నువ్వు పాడి, దాన్ని నా గొంతులా మార్చి పంపు. మరిది దగ్గర స్పీకరుంది, విందు రోజు వేస్తాను. కాదనకు.

నీ అక్క,
అనీపా


బిష్కెక్
జూన్ చివర

బంగారం లాంటి అక్కకి,

పాలు అందాయి. సీసా సగమే ఉంది. "కుదుపులకి ఒలికిపోయిందమ్మా" అన్నాడు కుబత్, మీసాలు తుడుచుకుంటూ.

నేను పాడితే మేకలు పారిపోతాయని చిన్నప్పుడు నువ్వేగా అనేదానివి! అయినా పాడాను. నా దగ్గరున్న సింథసైజర్, అదే శబ్దాలు పుట్టించే యంత్రం, పెట్టె కాదు, తెర మీద బొమ్మ. లోపలి తీగలు ముందే కలిపి ఉంటాయి. నచ్చకపోతే మౌస్‌తో ఒక తీగ లాగి ఇంకోచోట గుచ్చుకోవచ్చు. బయటి గొంతుని లోపలికి పంపే దారి కూడా ఉంది. అందులోంచి నన్ను నేను పంపాను. చివర్లో దాన్ని తయారుచేసినవాళ్ళే పెట్టిన ఎఫెక్ట్స్ ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో దీపం. ఒకటి ప్రతిధ్వని. ఒకటి, ఒక గొంతుని నలుగురు పాడినట్టు చేస్తుంది. మూడోది నీ గొంతులో ఉండే గరుకు తెస్తుంది. మూడూ వెలిగించాను. ప్రతిధ్వనికి తడి, పొడి అని ఒక మీట ఉంటుంది, తడివైపు తిప్పితే మోత పెరుగుతుంది, పొడివైపు తిప్పితే ఉత్త గొంతే వస్తుంది. బాగా తడివైపు తిప్పాను. మా నాటకం వాళ్ళు విని కళ్ళు తుడుచుకున్నారు తెలుసా!

మెమరీ కార్డు పంపుతున్నా. విని చెప్పు.

నీ గొంతు దొంగ,
నురిజా


అర్పా
జూలై

చిట్టీ,

విన్నాను. మరిది కూడా విన్నాడు. "ఇదేంటి వదినా, అన్నయ్య బావిలో పడి చచ్చిపోయాడా?" అన్నాడు.

నగరంలో ఉండి నువ్వు గుడారాన్నే మర్చిపోయావు. గోడలు ఉన్నివి. ఉన్ని గొంతుని మింగేస్తుంది, తిరిగి ఇవ్వదు. కొండ మీద అరిస్తే కొండ పలుకుతుంది. గుడారంలో ఏడిస్తే ఏదీ పలకదు. అందుకే అమ్మమ్మ అనేది, గుడారంలో ఏడిస్తేనే మనిషి పోయాడని తెలుస్తుందీ అని. ఆ ప్రతిధ్వని తీసెయ్. తడి మా కళ్ళలో కావలసినంత ఉంది, నీ మీట పొడివైపు తిప్పు.

ఎండబెట్టిన పెరుగుండలు పంపుతున్నా. ఇవి కుబత్‌కి అరగవు, భయంలేదు.

అక్క


బిష్కెక్
జూలై

అక్కా,

ఎంత బుద్ధితక్కువ పని చేశాను! ఉన్ని గోడల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఏడుపు పాటకి పెద్ద హాలు ప్రతిధ్వని తగిలించాను. ఆ దీపం ఆర్పేశాను. ఇప్పుడు నా తప్పులన్నీ బయటికి వినిపిస్తున్నాయి. ప్రతిధ్వని వాటిని కప్పిపుచ్చేది.

ఒక మాట అడగనా? పాటలో బావ ఎక్కే గుర్రం ఊసే లేదు. ఆ గుర్రం లేకుండా బావకి పాటేంటి? "పొద్దున్నే పాలు పితికిన చేతులు చల్లబడ్డాయి, ఆడగుర్రం దారి చూస్తోంది" అని ఉంది. పాలు పితికేది నువ్వు కదా.

కుబత్ ఇంకోటి చెప్పాడు. "మీ అక్క సగమైపోయిందమ్మా, జీను మీద బట్ట ఆరేసినట్టుంది" అన్నాడు. నిజమేనా? నారిన్ పట్నం వెళ్ళి డాక్టర్‌కి చూపించుకున్నావా?

బెంగతో,
నురిజా


అర్పా
ఆగస్టు

చిట్టీ,

కుబత్‌కి పొట్ట ఉంది, అందుకే అందరూ వాడికి సన్నగానే కనిపిస్తారు. పాలు పితకడంలో మీ బావ నాకు సాయం చేసేవాడు. నోరు మూసుకుని పాడు.

నలుగురి గొంతు వద్దు. ఏడ్చేది ఒక్కతే. గరుకు కూడా వద్దు. నా గొంతులో గరుకు ఏనాడుంది? అది జబ్బు తెచ్చిన గరుకు, నువ్వు దాన్నే గుర్తు పెట్టుకున్నావు.

మూడో వరుసలో ఊపిరి తప్పుగా తీస్తున్నావు. "నాకంటే ముందు నడిచి" దగ్గర ఆగకు, "దారి చూపి" దాకా ఒక్క బిగిని పో. ఆ తర్వాత ఊపిరి లేక గొంతు దానంతటదే విరుగుతుంది. విరగనీ. "పిలిచినా తిరగవేం" అన్నది సాగదియ్యకు, చేతిలోంచి గిన్నె జారినట్టు వదిలెయ్. మళ్ళీ పాడి పంపు. తొందరగా.

అక్షరాలు వంకరపోయాయి, పడుకుని రాస్తున్నా. వేరే ఏం లేదు.

అక్క


బిష్కెక్
ఆగస్టు

అక్కా,

ఇదిగో, మూడు దీపాలూ ఆర్పేశాను. యంత్రం ఇప్పుడు ఏ పనీ చెయ్యట్లేదు. నా గొంతు ఒక పక్క వెళ్తోంది, ఇంకో పక్క అలాగే వస్తోంది. మీట పూర్తి పొడిమీద ఉంది. ఇది నీ గొంతు కాదు. ఉత్త నేను. విందులో ఇది వేస్తే జూరా వదిన మన పరువు తీస్తుంది. కోపంగా ఉంది నాకు. వేసవంతా కూర్చుని చేసింది, చేసినవన్నీ ఒక్కొక్కటీ పీకెయ్యడం.

ఇప్పుడు నిద్రలో కూడా పాడుతున్నానట. పక్కవాటా ఆవిడ గోడ కొడుతోంది.

నిజం చెప్పు, నీకు ఎలా ఉంది?

నురిజా


అర్పా
ఆగస్టు చివర

ప్రియమైన నా గొంతుకి,

ఇదే. నాకు కావలసింది ఇదే.

కోప్పడకు, నిజం చెప్తున్నా. చలికాలంలోనే జబ్బు తిరగబెట్టింది. నారిన్ డాక్టర్ చెప్పాల్సింది చెప్పేశాడు. మీ బావ విందు దాకా ఉంటానని నేను అనుకోవడం లేదు.

ఆ పాట మీ బావది కాదు. నాది. నాకు కూతురు లేదు, కోడలు లేదు. కనుచూపు మేరలో ఎవరు పోయినా నేను వెళ్ళి ఏడ్చాను. నేను పోతే గోడవైపు తిరిగి కూర్చునేది ఎవరు? నువ్వున్నావు. కానీ "వచ్చి పాడవే" అంటే నువ్వు "నాకు రాదక్కా" అని కుబత్ వ్యాన్ కింద దాక్కుంటావు. అమ్మ పోయినప్పుడు దొడ్లో దాక్కోలేదూ? అందుకే యంత్రం వంక పెట్టాను. మీటలు తిప్పుతూ తిప్పుతూ నేర్చేసుకున్నావు. నాకు భయంగా ఉంది చిట్టీ, ఏడుపు లేకుండా పోవాలంటే. ఇప్పుడు కాస్త తగ్గింది.

స్పీకరు తేవద్దు. కార్డు తేవద్దు. నువ్వు రా.

అక్క


అర్పా
సెప్టెంబర్

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చేతికిచ్చి కుబత్ తల దించుకున్నాడు. అప్పటికప్పుడు అతని వ్యాన్ ఎక్కి డోలోన్ కనుమ దాటి వచ్చాను. గుడారం కనిపించేసరికి బయట మగవాళ్ళు, చావింటి ముందు నిలబడేట్టు, కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నాకు అర్థమైంది. లోపల జూరా వదిన జరిగి చోటిచ్చింది. "రా. పొద్దుట్నుంచీ జవాబిచ్చేవాళ్ళు లేక అందరం నేలచూపులు చూస్తున్నాం" అంది.

గోడవైపు తిరిగాను. పాడాను. మొదటి వరుసలో శ్రుతి తప్పాను. మూడో వరుస "దారి చూపి" దాకా ఒక్క బిగిని వెళ్ళాను, గొంతు నువ్వు చెప్పిన చోటే విరిగింది. చివరి మాట గిన్నెలా వదిలేశాను. ఆగి విన్నాను అక్కా. ఉన్ని మింగేసింది. ఏదీ తిరిగి రాలేదు. నువ్వు పోయావని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నన్నెవరూ ఆపలేకపోయారు.

జూరా వదిన నా వీపు నిమిరి, "గొంతు అనీపాది కాదు. కానీ ఏడుపు నీ సొంతం" అంది. ఆమె నోట అంతకన్నా మంచి మాట రాదని నీకూ తెలుసు.

ఈ ఉత్తరం కుబత్‌కి ఇవ్వలేను, ఎక్కడికమ్మా అంటాడు. రాసి ఇక్కడే పొయ్యిలో వేస్తాను. వచ్చేవారం బావ విందు. బావ గుర్రం ఉన్న పాట నువ్వు రాయలేదు, అది నేనే కట్టాలి. రెండు వరుసలు కుదిరాయి. మూడో వరుసలో ఊపిరి ఎక్కడ తియ్యాలో తెలియడం లేదు, అడగడానికి నువ్వు లేవు.

నీ చిట్టి,
నురిజా