షాహీదా మొదటిసారి ఎక్కడ దిగాలి

నవంబరు 3

రొంపిచెర్ల నుంచి వచ్చిన బోరు మోటారు విప్పా. సీల్ పోయింది. లోపలంతా నీళ్లు, వైండింగ్ మాడి బొగ్గయింది. చేతులు గ్రీజులో ఉండగా షాహీదా టీ పట్టుకొని మెట్లు దిగింది. గ్లాసు బల్ల మీద పెట్టి, పైకి పోకుండా అక్కడే నిలబడింది.

"ఈసారి పెళ్లిరోజుకి చీర వద్దు. నన్ను సముద్రం కిందికి తీసుకెళ్లండి."

సముద్రం కాడికా అన్నా. కాడికి కాదంట, కిందికి. సిలిండర్ కట్టుకొని దిగుతారే... స్కూబా.

నవ్వా. తను నవ్వలేదు.

నవంబరు 4

మర్చిపోయుంటది అనుకున్నా. మర్చిపోలా.

నవంబరు 6

ఫోన్లో వీడియో చూపించింది. మా నజ్మా గుంటూరు హాస్టల్ నుంచి పంపిందంట. ఈ పిల్లకి చదువుకోమని ఫోన్ కొనిస్తే వాళ్లమ్మకి ఇయ్యా పంపేది!

వీడియోలో షాహీదా ఈడు ఆడమనిషి. నీలం నీళ్లు, చేపలు. నేను చూసింది ఆమె నోట్లో రబ్బరు ముక్క. బొటనవేలంత లేదు. పళ్లతో పట్టుకోవాలి. ప్రాణమంతా దాని మీద.

షాహీదా చూసేది వేరే. "చూడటం కాదు, వినండి" అంది. బుడగల చప్పుడు. ఇంకేం లేదు.

"ఇరవై ఏళ్లు. కింద మీ మోటార్ల టెస్టింగు, పైన నా కుట్టుమిషన్. ఒక్క అరగంట అట్టా ఉండాలని ఉంది నాకు."

తర్వాత ఇంకో మాట — "ఎక్కడైతే మంచిదో మీరే చూడండి. నీళ్లల్లోకి దిగే వాటి సంగతి మీకు తెలిసినంత నాకు తెలవదు."

తెలవడమే గదా బాధ. నీళ్లల్లోకి దిగిన ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు నా బల్ల మీదకే వస్తది.

నవంబరు 9

షాపు సెలవు. పొద్దుటినుంచి ఫోన్లే.

విశాఖ — దగ్గర. ఈత రాకపోయినా పర్లేదన్నారు. నీళ్లు మాత్రం ఏ రోజుకారోజేనంట. ఒకరోజు తేట, ఒకరోజు చాపిన చెయ్యి కనపడదు. పుదుచ్చేరి — ఇప్పుడు వానలు, ఎండలు ముదిరాక రండి. మురుడేశ్వర్ — దీవి దాకా బోటులో చానా దూరం, ఊగుతా పోవాలి. షాహీదాకి శ్రీశైలం ఘాట్ రోడ్డులోనే వాంతులు.

అండమాన్ కుర్రోడు నిమ్మళంగా మాట్లాడాడు. మొదటిసారి దిగేవాళ్లకి అక్కడే మంచిదంట. ఒడ్డు నుంచి నడుచుకుంటా దిగొచ్చు. నీళ్లు తేట. ఒక మనిషికి ఒక కోచ్, చెయ్యి వదలడు.

"ఎంత లోతు బాబూ?"

"ముప్పై అడుగులు దాటనివ్వం సార్."

ముప్పై అడుగులు. మోటారుకైతే అది లెక్కలోకే రాదు.

నవంబరు 10

అండమాన్ వాళ్లు ఫారం పంపారు. నజ్మా ఫోన్లో చదివి చెప్పింది. గుండె జబ్బు ఉందా, చెవి బాధ ఉందా, మూర్ఛ ఉందా, ఉబ్బసం ఉందా... ఒక్కదానికి ఉందన్నా డాక్టర్ కాగితం కావాలి. నలభై ఐదు దాటితే ఇంకొన్ని ప్రశ్నలు. నాకు నలభై ఆరు.

ఉబ్బసం.

పోయిన చలికాలం, క్రోసూరులో షాహీదా వాళ్ల తమ్ముడి పెళ్లి. వంటల పొగ అంతా పందిట్లోకి తిరిగింది. షాహీదా కుర్చీలోనే ముందుకి ఒరిగింది. మెడ నరాలు తేలినయ్. గాలి లోపలికి పోదు, బయటికి రాదు. బ్యాగులో నుంచి నీలం పంపు తీసి నేనే నోట్లో కొట్టా. మనిషి తేరుకునేదాకా మణికట్టు పట్టుకొని కూర్చున్నా. చుట్టూ బ్యాండు మేళం మోగుతానే ఉంది.

"ఉబ్బసం ఉందా అని అడుగుతున్నారు."

"లేదని రాయండి."

"ఉంది గదా."

"ఏడాదికోసారి వచ్చిపోయేదాన్ని ఉందంటారా ఎవరన్నా?"

నవంబరు 12

పక్కన పైపుల కొట్టు సుబ్బారావుకి ఎట్టా తెలిసిందో. తనూ ఫ్రెండ్సూ కలిసి గోవా పోయి దిగొచ్చారంట. "ఏంది మస్తాన్, ఫారాలంట డాక్టర్లంట! మేం పోయిన కాడ వాడు ఏమీ అడగలా. సంతకం పెట్టించుకున్నాడు, దింపాడు, ఫొటో తీశాడు, లేపాడు. పది నిమిషాలు."

మెట్ల మీద షాహీదా. వింటా ఉంది.

సాయంత్రం — "గోవా అయితే తేలిక గదా?"

నవంబరు 13

అండమానే అని చెప్పేశా. నీళ్లు తేట, లోతు తక్కువ, చెయ్యి వదలరు. అన్నీ నిజాలే.

అసలు సంగతి ఈ పేజీకి మాత్రం రాస్తున్నా. వాళ్లు డాక్టర్ కాగితం అడుగుతారు. ఏ డాక్టరూ ఇవ్వడు. వద్దన్న మాట నా నోటితో అనక్కర్లేదు.

తను సంతోషపడింది. "మీరు ఇంత చూస్తారనుకోలా" అంది. అన్నం సగంలో లేచా.

నవంబరు 17

గుంటూరు. ఊపిరితిత్తుల డాక్టర్. అండమాన్ వాళ్లకి కాగితం కావాలంటే షాహీదా ఒప్పుకొని వచ్చింది. షాహీదా బాత్రూమ్‌కి పోయినప్పుడు నేను లోపలికి దూరా.

"సార్, మీరు రాయబాకండి. ఆమెకి నేను చెప్పలేను."

డాక్టర్ పెద్దాయన. కళ్లజోడు పైనుంచి చూశాడు. "నేను చెప్పేది ఏముంది, ఊదితే మిషనే చెప్పుద్ది."

ఊదించారు. నాలుగంతస్తుల మెట్లు ఎక్కించి దించి మళ్లీ ఊదించారు. కాగితం మీద గీత. నేను గీతనే చూస్తన్నా — పడిపోవాలని. నా భార్య ఊపిరి గీత పడిపోవాలని కోరుకుంటా కూర్చున్నా.

పడలేదు.

"బాగానే ఉంది. అయినా ఇప్పుడే రాయను. రెండు వారాలు రోజూ మందు పీల్చి రా తల్లీ, మళ్లీ చూద్దాం. ముందు స్విమ్మింగ్ పూల్లో దిగు, సముద్రం తర్వాత." నా వైపు ఒకసారి చూసి, తనతోనే, మామూలుగా — "రాయొద్దని మీ ఆయన చెప్పి పోయాడులే."

షాహీదా నా మొహం చూడలేదు. టేబుల్ మీద పెన్ను స్టాండు చూసింది.

నేను దిగనన్నా, నాకూ ఫారం పంపారు గదా అని బీపీ చూశారు. నూట డెబ్బై, నూట పది. రెండుసార్లు చూశారు. "మీరు మాత్రం దిగొద్దు. ముందు మందులు మొదలెట్టండి."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మా నరసరావుపేట వచ్చేదాకా బయటికే చూసింది. దిగాక, రిక్షా స్టాండు దగ్గర —

"వద్దనాలంటే నా మొహం చూసి అనండి. డాక్టర్ చేత అనిపించబాకండి."

నవంబరు 18

టీ మెట్ల మీద పెట్టి పోయింది.

నవంబరు 19

టీ మెట్ల మీదే.

నవంబరు 22

చెప్పేశా. వంటింట్లో, తను చిక్కుడుకాయలు తుంచుతుంటే, గడపలో నిలబడి.

నాకు పంతొమ్మిది. కొండవీడు పక్కన దిగుడుబావి. నీళ్లల్లో ఉన్న పైపు కొసకి నాచు పట్టి మోటారు లాగట్లా. పని నేర్పే మా ఉస్తాద్ దిగమన్నాడు, మునిగా. చొక్కా బోల్టుకి తగులుకుంది. పైకి చూస్తే వెలుతురు కనపడుతుంది, అందదు. నోట్లోకి నీళ్లు. చొక్కా చిరిగింది కాబట్టి బతికా. పైకొచ్చాక ఉస్తాద్ నవ్వాడు. నేనూ నవ్వా. ఆ రోజు నుంచి తల నీళ్లల్లో పెట్టలా. సాగర్ పోయినప్పుడు లాంచీ టికెట్లు అయిపోయినయ్ అన్నది కూడా అబద్ధమే.

చిక్కుడుకాయలు తుంచడం ఆపింది. "ఇరవై ఏళ్లు ఎందుకు చెప్పలా?"

"నువ్వు అడగలేదు గదా."

"అడగాల్నా?"

కోపం కాదు, అలసట — "మీ భయం మీది. కాదన్ను. తెచ్చి నా మీద కప్పబాకండి."

టీ బల్ల మీద పెట్టింది ఇవాళ.

నవంబరు 25

సుబ్బారావు వాళ్ల ఆవిడ పైకొచ్చి కూర్చుంది. వాళ్లు మళ్లీ గోవా పోతన్నారంట, వచ్చే నెల. "నువ్వూ రా వదినా, కాగితాలూ పరీక్షలూ ఏం లేవు." షాహీదా రాననలేదు. వస్తాననలేదు. ఆలోచించి చెప్తానంది.

కింద వైండింగ్ చుడతా చుట్లు తప్పా. మొదటి నుంచి మళ్లీ చుట్టా.

డిసెంబరు 1

మళ్లీ గుంటూరు. ఈసారి నేను బయట బెంచీ మీదే కూర్చున్నా. తలుపు తీసుకొని వచ్చింది, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"ఇచ్చాడు."

ఆ ఒక్క మాటే. "మంచిది" అన్నా. గట్టిగా అన్నానో, లోపల అన్నానో.

డిసెంబరు 4

హైదరాబాద్. డాక్టర్ ముందు దిగమన్న స్విమ్మింగ్ పూల్. పన్నెండు అడుగుల లోతు, అడుగున తెల్ల పలకలు కనపడతన్నయ్. కోచ్ ఆడపిల్ల, మా నజ్మా కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. షాహీదా ఒంటినిండా నల్ల డ్రెస్సు, తలకి బిగించిన గుడ్డ. సిలిండర్ తగిలిస్తే వెనక్కి తూలింది. పట్టుకోబోయా. కోచ్ పట్టుకుంది.

దిగింది. నేను ఊపిరి రెండుసార్లు పీల్చానో లేదో పైకొచ్చేసింది. నోట్లోది లాగేసి దగ్గు... దగ్గు. కళ్లు ఎర్రగా.

"చాలు! గట్టు మీదకి రా!" నా అరుపు పూల్ అంతా వినపడింది. ఈత నేర్చుకునే పిల్లలు కూడా ఆగి చూశారు.

కోచ్ నా వైపు చెయ్యెత్తింది — "అంకుల్, మీరు వెనక్కి కూర్చోండి." షాహీదాని గట్టు పట్టుకోమంది. తొందర పెట్టలా. వీపు మీద చెయ్యేసి, "దగ్గు ఆగనీ ఆంటీ. ఆగకపోతే ఇవాళ్టికి లేదు. ఆగితే మీ ఇష్టం."

ఆగింది. షాహీదా ముక్కు తుడుచుకుంది. "నీళ్లు పోయినయ్, అంతే." రబ్బరు ముక్క నోట్లో పెట్టుకుంది. నా వైపు చూడకుండా దిగింది.

బుడగలు వస్తున్నంతసేపు ఊపిరి ఆడుతున్నట్టేనంట. బుడగలే చూశా. వచ్చినయ్... వచ్చినయ్... ఆగినయ్. లేచి నిలబడ్డా. అవతల గట్టు కింద మళ్లీ మొదలైనయ్. వాళ్లు అటు జరిగారు, అంతే.

అరగంటకి కొంచెం తక్కువ. పైకొచ్చాక మాస్క్ అచ్చు మొహం మీద గుండ్రంగా. తువ్వాలు అందిస్తే తీసుకుంది.

"ఎట్టా ఉంది?"

"చెప్తే పోద్ది" అంది.

డిసెంబరు 5

తిరుగు బస్సులో దగ్గింది. పూల్లో మందు వాసన అంది. పిడుగురాళ్ల దాటాక ఇంకోసారి. నేను లెక్కపెడుతున్నానని తెలిసి, చున్నీ అడ్డం పెట్టుకొని దగ్గింది.

డిసెంబరు 6

దాచిపెడుతుందనుకున్నా. దాచలా. నా ముందే అండమాన్ కుర్రోడికి ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టి. ఉబ్బసం ఉందని ఫారంలో రాసి పంపానంది. పూల్లో దిగానంది, తర్వాత దగ్గొచ్చిందంది. అంతా చెప్పింది.

"రండి మేడమ్. కానీ ఆ రోజు పొద్దున మేం చూస్తాం. దగ్గున్నా, ఆయాసమున్నా దింపం. అంత దూరం వచ్చారని దింపం."

"సరే" అంది.

గుంటూరు డాక్టర్ దగ్గరికి తనే పోయి మళ్లీ ఊదొచ్చింది. గీత అట్టానే ఉందంట. "దగ్గు మళ్లీ వస్తే దిగొద్దు. అది ఎవరూ పట్టుకోలేరు తల్లీ, నువ్వే చెప్పుకోవాలి" అన్నాడంట.

సాయంత్రం సుబ్బారావు మళ్లీ గోవా మాట ఎత్తాడు — "అంత దూరం పోయి దింపకపోతే? గోవాలో ఎవడూ చూడడమ్మా."

షాహీదా మెట్ల మీద నుంచే జవాబు చెప్పింది. "నిన్నగాక మొన్న నేను దగ్గేటప్పుడు ఆ కోచ్ పిల్ల చూసింది అన్నయ్యా. చూసేవాళ్ల దగ్గరే దిగుతా."

సుబ్బారావు నా మొహం చూశాడు. నేను స్క్రూడ్రైవర్ వెతుక్కున్నా.

డిసెంబరు 7

మంచు. రోడ్డు అవతల కొట్లు కనపడట్లా. కిటికీలన్నీ మూశా. తను తెరిచింది. మళ్లీ మూశా.

ఒక పూట అండమాన్ వాళ్లు దింపకపోతే బాగుండు అనిపిస్తంది. ఇంకో పూట, దింపకపోతే ఆ ఒడ్డున తన మొహం ఎట్టా చూడాలి అనిపిస్తంది.

అన్నా చివరికి. ఎదురుగా కూర్చొని, మొహం చూసే అన్నా — "నాకు ఇష్టం లేదు షాహీదా. భయంగా ఉంది."

"తెలుసు" అంది. "నాకూ ఉంది." పళ్లెం నా వైపు జరిపింది. పోవడం మానేద్దాం అని మాత్రం అన్లా.

డిసెంబరు 8

రేపు పొద్దున చెన్నై రైలు. అక్కడ నుంచి విమానం. నా బీపీ బిళ్లలు, తన నీలం పంపు, డాక్టర్ కాగితం — మూడూ ఒకే కవర్లో పెట్టింది.

సాయంత్రం పెట్టె సర్దుతుంటే అడిగింది — "నేను లోపల ఉన్నంతసేపు మీరేం చేస్తారు?"

"ఒడ్డున కూర్చుంటా."

"కూర్చోలేరు మీరు."

"నిలబడతా."

"అరవబాకండి మళ్లీ. చేపలు పారిపోతయ్."

నవ్వింది. నేనూ నవ్వా. ఎన్నాళ్లయిందో ఇద్దరం ఒకేసారి నవ్వి. ఆ నవ్వులోనే తనకి ఒక దగ్గు.

పెట్టె మీద చెయ్యి అట్టానే పెట్టి ఆగింది. నేనూ ఆగా.

ఇంకోటి వస్తుందేమోనని ఇద్దరం చూస్తన్నాం...