పేరు చెప్పని ప్రార్థన మనవి

జూన్ 24, మంగళవారం

చిల్కూరు వెళ్లాను. గుడి వాకిలి ఎదురుగా మా ఆడబిడ్డ కొబ్బరికాయల దుకాణం. అక్కడ కూర్చుని చాయ్ తాగుతుంటే కనబడింది — మా చర్చి సంఘం సుగుణ! ప్రదక్షిణలు చేస్తోంది. చేతిలో చుట్లు గుర్తుపెట్టే అట్ట, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేస్తూ... మూడేళ్ల కింద నా చెయ్యి పట్టుకుని బాప్తిస్మం నీళ్లలోకి దిగిన మనిషి. ఒళ్లు మండిపోయింది. పిలవలేదు. ఆటో ఎక్కి చేవెళ్ల వచ్చేశాను.

జూన్ 26, గురువారం

స్త్రీల కూడికలో ప్రార్థన మనవి పెట్టాను. "ఒక చెల్లె దారి తప్పింది, పేరు చెప్ప. చిల్కూరు గుడిల చుట్లు తిరుగుతుంటె నా కండ్లతోని చూసిన."

పేరు చెప్పలేదు, నిజమే. మొయినాబాద్ గులాబీ తోటల్లో పనిచేస్తుందని మాత్రం అన్నాను. మా సంఘంలో ఆ పనికి పోయేది ఒక్కతే. రూతమ్మ కళ్లు మూసుకునే "అయ్యో, సుగుణా!" అంది.

జూన్ 28, శనివారం

పాస్టరయ్య పిలిపించారు. "ఆమెను అడిగినవా మార్తక్కా?"

అడిగేదేముంది, చూశాను కదా.

"నువ్వు చూసినవంటె ఇగ..." అని శిక్ష వేసేశారు. సుగుణ మూడు నెలలు ప్రభువు బల్లకు దూరం. రొట్టె, ద్రాక్షారసం ముట్టకూడదు.

జూలై 6, ఆదివారం

నెల మొదటి ఆదివారం, బల్ల ఉంది. ఆడవాళ్ల వైపు గ్లాసుల ట్రే తిప్పేది నేనే. సుగుణ చివరి వరసలో. చెయ్యి కొంచెం చాపింది — మరిచిపోయిందో, ఆశపడిందో. నేను ఆగలేదు. ఆ చెయ్యి కొంగులోకి పోయింది.

సంఘాన్ని కాపాడాను. కనీసం అలా అని రాసుకుంటున్నాను.

జూలై 13, ఆదివారం

సుగుణ రాలేదు. మంచిదే.

జూలై 19, శనివారం

సుగుణ అత్త చనిపోయింది. సంఘం నుంచి ఇంకెవరూ వెళ్లలేదు. నేనెందుకు వెళ్లానో తెలియదు. అందరూ శవం చుట్టూ ఉన్నారు, సుగుణ ఒక్కతే బయట గోడ దగ్గర. స్నానం పోద్దామని చెంబు అందుకుంటే మరిది గుంజుకున్నాడట — "కిరస్తానపుదానివి, మా అమ్మను ముట్టకు."

భర్త తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆ దినం చిల్కూరు ఎందుకు పోయినవే?" అన్నాను. చావింట్లో అడిగే మాటా అది!

"మా ఆయన లారీ కింద పడి బతికిండని అత్తకు మొక్కు ఉండె అక్కా. నూటెనిమిది చుట్లు. ముప్పై తిరిగి కూలబడ్డది. మొక్కు తీరకుంట సావనన్నది. మొక్కు ఆమెది, కాళ్లు నావి. తిరిగినంతసేపు యేసయ్యతోనే మాట్లాడుకున్న."

"మరి చెప్పకపోతివి?"

"ఎవ్వరడిగిండ్రక్కా?"

జూలై 20, ఆదివారం

ఆమె చేసింది తప్పా, కాదా... నాకు తెలియదు. ఇన్నేళ్లలో తెలియదని రాయడం ఇదే మొదటిసారి. అది ప్రభువు తేల్చుకునే సంగతి. ఆయన కుర్చీలో నేనెందుకు కూర్చున్నాను?

ఆ రోజు నేనూ అదే గుడి ముందు, ఆ కొబ్బరికాయల మధ్యే చాయ్ తాగాను. నా గురించి ఎవరూ మనవి పెట్టలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూలై 23, బుధవారం

పాస్టరయ్యకు అంతా చెప్పాను. "నాది గూడ తప్పే అక్కా. తీసుకరా ఆమెను. అందరి ముందట ఇద్దరం మాఫీ అడుగుదాం."

సుగుణ ఇంటికి వెళ్తే తాళం. షాబాద్‌లో తల్లిగారింటికి పోయిందట. పక్కింటి అవ్వ చెప్పింది — "ఇగ ఏడికీ పోదట బిడ్డా. మీ చర్చికీ పోదు, మా గుడికీ రాదు."

జూలై 30, బుధవారం

సుగుణకు మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఆగస్టు 2, శనివారం

రేపు బల్ల. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, వడకట్టాను. ట్రేలో చిన్న గ్లాసులు సర్దాను. సుగుణకూ ఒకటి.

ఆగస్టు 3, ఆదివారం

రాలేదు. ఆమె లేకపోయేసరికి పాస్టరయ్య ఆ మాటే ఎత్తలేదు. నేనే లేచి చెప్పాలనుకున్నాను... పిరికిదాన్ని. ట్రే తిప్పాను. చివరికి నా వంతు. చెయ్యి లేవలేదు.

గ్లాసులు రెండు మిగిలాయి.

ఆగస్టు 7, గురువారం

కూడిక. ఈసారి మనవి రూతమ్మది. "ఒక అక్క కోసం జర ప్రార్థన చేయుండ్రి, పేరు చెప్ప. మొన్న బల్లకాడ గ్లాసు ముట్టలే. లోపట ఏం దాసిపెట్టుకున్నదో."

అందరూ కళ్లు మూసుకున్నారు. ఇప్పుడైనా చెప్పొచ్చు — ఏం దాచానో, సుగుణను ఏం చేశానో. ప్రార్థన అయిపోయేదాకా సమయం ఉంది. నోరు తెరిచాను.

అందరితో పాటు "ఆమేన్" అన్నాను.