మీరు ఇవ్వని తంబుర

సారూ,

సంగారెడ్డిలో మీ సంగీత పాఠశాల మూసిననాడు, తంబుర నాకే ఇస్తానని మాటిచ్చారు. ఇవ్వకుండానే కన్నుమూశారు. మీ తమ్ముడు దాన్ని అమ్మేశాడు.

ఇప్పుడు పటాన్‌చెరులో కొత్త పాఠశాలకు వెళ్తున్నాను. అక్కడ శ్రుతికి కరెంటు పెట్టె. నిన్న పాడుతుండగా కరెంటు పోయింది. మీరు పాట మధ్యలో తంబుర ఆపి, కాసేపటికి మళ్లీ మీటి మమ్మల్ని పరీక్షించేవారు కదా, ఆ ధైర్యంతో నేను ఆపలేదు. కరెంటు వచ్చేసరికి నా గొంతు శ్రుతి దిగిపోయి ఉంది.

"తాతా, శ్రుతి ఈడనే ఉన్నది, నువ్వే జిన్నారం దాకా పోయినవ్!" అంది పక్కన పాడే పిల్ల. అందరితో పాటు నేనూ నవ్వాను.

అప్పటినుంచి భయంగా ఉంది. మీరు చెవిలో నిలిపిన ఆ ఒక్క స్వరం పోతే, నేను చదివిన సంగీత పుస్తకాలేవీ దాన్ని తెచ్చివ్వలేవు. పొద్దున్నే సరిచూసుకుందామంటే ఇంట్లో తంబుర లేదు. మీ తమ్ముణ్ణి ఎప్పుడో క్షమించాను. మిమ్మల్ని మాత్రం క్షమించలేను, నరసింహం సారూ.