వెనకనుంచి చదివే అత్తయ్య

శ్రీవారికి నమస్కారాలు. అత్తయ్యా నేనూ క్షేమం. మీరూ అక్కడ వేళకు తిని, కంటినిండా నిద్రపోతున్నారని నమ్ముతున్నాను.

"అమ్మకి పొద్దు పోతోందా?" అని అడిగారు. పొద్దు చాలడం లేదు. ప్రెస్సులో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దిన కళ్లు ఊరుకుంటాయా? ఇప్పుడు నా మెయిళ్ల మీద పడ్డాయి. అచ్చుతప్పు దొరకాలంటే వాక్యాన్ని వెనకనుంచి చదవాలట, ముందునుంచి చదివితే అర్థం మనల్ని లాక్కుపోతుందట. మెయిల్లో లింకునీ అలాగే చూస్తారు. నొక్కరు. మౌసు బాణం దాని మీద ఆనిస్తే కింద అసలు అడ్రసు కనిపిస్తుంది కదా, మొదట్లో https పక్కన ఉండే జంట ఏటవాలు గీతలు వదిలేసి, తర్వాత వచ్చే ఒంటి గీత దగ్గర ఆగి, అక్కణ్ణుంచి వెనక్కి చదువుతారు. "ముందు ఎవరి పేరైనా తగిలించుకోవచ్చమ్మాయ్. గీతకి ఆనుకుని ఉన్నవాడే ఇంటాయన," అంటారు. ఆ చూపు చూస్తే నాకు ఎంత ముచ్చటేస్తుందో!

మొన్న మా ల్యాబు పేరుతో ఒక మెయిలొచ్చింది. సాయంత్రంలోగా పాస్‌వర్డు సరిచూసుకోకపోతే రోగుల రిపోర్టులు తెరుచుకోవని. "ఇది మావాళ్లదేనా అత్తయ్యా?" అని చూపించాను. కళ్లజోడు సవరించుకుని చూశారు. ముందు మా ల్యాబు పేరే ఉంది, గీత పక్కన మాత్రం ఊరూ పేరూ తెలియని సైటేదో ఉంది. "దొంగది," అని తేల్చేశారు.

ఇక్కడిదాకా గొప్పగా రాశాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. అప్పటికే నేను ఆ లింకు నొక్కేశాను. పాస్‌వర్డూ ఇచ్చేశాను. తర్వాత అనుమానమొచ్చి, మంచిదేనని ఆవిడ నోట వినాలని చూపించాను. వందలమంది రక్తపరీక్షల రిపోర్టులు నా లాగిన్‌లో ఉన్నాయి.

అత్తయ్య తెర వదల్లేదు. "మిగతా లింకులన్నీ నీలంగానే ఉన్నాయి. ఇదొక్కటే ఊదారంగుకి తిరిగిందేం? నొక్కావా?"

తల దించుకున్నాను. కేకలేస్తారనుకున్నాను. ఆవిడ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీ ఇన్‌చార్జికి చెప్పు. నేను పక్కనే కూర్చుంటాను."

చెప్పాను. ఆయన అప్పటికప్పుడు నా లాగిన్ మూయించారు. పావుగంటకి ఆయనే మళ్లీ ఫోను చేశారు. మూయించిన పది నిమిషాలకి ఎవరో నా పేరుతో లోపలికి రాబోయారట. రిపోర్టు ఒక్కటీ పోలేదు. "దాచి ఉంటే మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు," అన్నారాయన.

ఫోను పెట్టేసి బావురుమన్నాను. అత్తయ్య నా వీపు నిమిరారు. "తప్పు పట్టేవాళ్లకేం తల్లీ, ఒప్పుకునేవాళ్లకే కష్టం. మావాడికి మాత్రం రాయకు, ఏడాదిపాటు నిన్ను ఏడిపిస్తాడు," అన్నారు.

ఏడిపించాలనుంటే ఏడిపించండి. పెళ్లయ్యాక ఆవిడ మాట జవదాటడం ఇదే మొదటిసారి.

ఇట్లు,
మీ అమ్మగారి కొత్త శిష్యురాలు,
మీ ఆవిడ