ఏడు తాళ్ల ఎండ

మార్చి 4, సాయంత్రం 6.15

ఈరోజు మా ఇంట్లో ఒక కాగితం నా చేతికిచ్చి, నువ్వు చెప్పమ్మా అన్నారు. ఇన్నాళ్లూ చదివి పెట్టమన్నారు. చెప్పమనలేదు. రెండింటికీ చాలా తేడా ఉంది.

చిన్న మామయ్య ఒకతన్ని వెంటబెట్టుకొచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. అతను మాట్లాడుతున్నంతసేపూ నాన్న అతని చొక్కానే చూస్తున్నాడు. వెళ్లాక చెప్పాడు, కాలరు ఇస్త్రీ చేసినవాడికి పని రాదు అని. నాన్న ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్నాడు. మేం రెండు లాడ్జీల దుప్పట్లు, తువ్వాళ్లు, కర్టెన్లు ఉతికి, ఆరేసి, మడత పెట్టి ఇస్తాం. కింద గదిలో రెండు వాషింగ్ మెషీన్లు, మూడు ఇస్త్రీపెట్టెలు. పైన డాబా, డాబా మీద ఏడు తాళ్లు. మెషీన్లు, ఇస్త్రీ నాన్నవి. డాబా అమ్మది.

ఆఫర్ ఇదీ. డాబా మీద పది సోలార్ ప్యానెళ్లు. రోజుకి పాతిక యూనిట్లు. ఖరీదు మూడు లక్షల పదివేలు. నాలుగేళ్ల చిల్లరలో పెట్టిందంతా తిరిగొచ్చేస్తుందట. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కరెంటు ఊరికేనట. ఆఫర్ ఈ నెలాఖరు వరకేనట. ఇల్లు చూపించినందుకు మామయ్యకి కమీషన్ ఉంది. అదీ దాచలేదు. నీ దగ్గర నాకు దాపరికమేమిటే అక్కా అన్నాడు అమ్మతో.

సోలార్ అతను నన్ను పాపా అన్నాడు. నాకు ఇరవై మూడు.

మార్చి 5

నేను పనిచేసే బడి నుంచి రాగానే కూర్చున్నాను. ఏడాది బిల్లులన్నీ తీశాను. రోజుకి సగటున ఇరవై యూనిట్లు వాడుతున్నాం. అతను వేసిన గుణకారాలన్నీ మళ్లీ వేశాను. ఒక్కటీ తప్పు లేదు. ల్యాబ్‌లో పిల్లల రికార్డులకి టిక్కులు పెట్టినట్టు ఎర్ర పెన్నుతో వరసగా టిక్కులు పెట్టాను. లెక్క కరెక్టే నాన్నా, తీసుకోవచ్చు అన్నాను.

నాన్న ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. నాన్నకి సంతకం ఒక్కటే వచ్చు. టిక్కులు మాత్రం బాగా అర్థమయ్యాయి.

మార్చి 9

బట్టలిచ్చిన ప్రతిచోటా నాన్న చెప్పుకుంటున్నాడట, మా అమ్మాయి చూసి ఓకే చేసింది అని.

మార్చి 12, ఉదయం 9.30

సెలవు పెట్టాను. సోలార్ అతను డ్రాయింగ్ తెచ్చాడు. ఆకాశం నుంచి తీసిన మా డాబా ఫోటో, దాని మీద పది నీలం పెట్టెలు. ఒకటో తాడు నుంచి ఐదో తాడు దాకా అన్నీ ఆ పెట్టెల కిందే ఉన్నాయి. ఫోటోలో తాళ్లు కనబడవు కదా. అడుగు ఎత్తు స్టాండ్ల మీద పెడతారట.

అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుని వంగి చూసింది. మరి నా తాళ్లెక్కడికి పోతాయి బాబూ అని అడిగింది.

అతను నవ్వి, ఇంకా తాళ్లేమిటండీ అమ్మగారూ, డ్రయ్యర్ కొనుక్కోండి, కరెంటు ఫ్రీయే కదా, మీకు మెట్లెక్కే బాధ కూడా తప్పుతుంది అన్నాడు. మామయ్య కూడా నవ్వాడు. అక్క మోకాళ్లు బాగుపడతాయి అన్నాడు. నాన్న కూడా నవ్వాడు. నేను కూడా నవ్వాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను. నేను కూడా నవ్వాను.

అమ్మ నవ్వలేదు. బకెట్ తీసుకుని పైకి వెళ్లిపోయింది.

మార్చి 13, మధ్యాహ్నం 2.40

ఒంటిపూట బడి. అన్నం తిని డాబా ఎక్కాను. అమ్మ మూడో తాడు మీది దుప్పట్లు తీసి ఏడో తాడు మీద వేస్తోంది. ఎందుకమ్మా, ఇంకా రెండున్నరే కదా అన్నాను. అమ్మ నన్నొక వింత మనిషిని చూసినట్టు చూసింది. నీడొచ్చింది కదే అంది.

వచ్చింది. పడమటి పక్కింటివాళ్లు పోయినేడు లేపిన రెండు అంతస్తులు, వాటి మీద నీళ్ల ట్యాంకు. ఆ నీడంతా మా డాబా మీదికే. నేను రోజూ ఈ ఇంట్లోనే ఉంటున్నాను. ఒక్కసారీ చూడలేదు.

కిందకి పరిగెత్తి కాగితం, డ్రాయింగ్ తెచ్చాను. కాగితంలో నీడ అని ఒక గడి ఉంది. అందులో 'లేదు' అని ఉంది. డ్రాయింగ్ మూల ఫోటో తీసిన తేదీ చిన్న అంకెల్లో ఉంది. మూడేళ్ల క్రితంది. అప్పటికి ఆ అంతస్తులు లేవు. కాగితంలో నీడ గడి పక్కనే నా ఎర్ర టిక్కు ఉంది.

సుద్దముక్కతో గంటగంటకీ నీడ అంచు గీస్తానన్నాను. అమ్మ ఆపింది. గీసుకుంటూ కూర్చుంటావా, నన్నడిగితే పోలా అంది. నిలబడి గడగడా చెప్పేసింది. ఈ నెలలో ఒకటో తాడుకి ఒంటిగంటా ముప్పావు, మూడో తాడుకి రెండున్నర, ఐదో తాడుకి మూడున్నర. చలికాలమైతే పన్నెండున్నరకే ఒకటో తాడు అయిపోతుంది, రెండింటికల్లా ఐదు తాళ్లూ పోతాయి. వానాకాలం దాని లెక్క వేరు.

నేను రాసుకున్నాను. మూడున్నర దాకా అక్కడే కూర్చుని చూశాను. ఐదో తాడు దగ్గర ఐదు నిమిషాలు కూడా తేడా లేదు.

డాబా మీద పెట్టే వస్తువు గురించి సాయంత్రమంతా లెక్కలు వేశాను. పదిహేనేళ్లుగా డాబా మీద నిలబడి ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. ఇంత చదువు చదివి చేసిన తప్పిది.

మార్చి 14, ఉదయం 7.00

కొత్త లెక్క. అమ్మ చెప్పిన గంటలు పెట్టి చూస్తే పాతిక కాదు, పదిహేను దాటవు. నాలుగేళ్లు కాదు, ఏడు దాటుతుంది. ఇంకా డ్రయ్యర్ సంగతి చూడలేదు.

మార్చి 15, మధ్యాహ్నం 1.20

ల్యాబ్ తక్కెడ అడిగి తెచ్చాను. మెషీన్‌లో పిండేసిన దుప్పటి తూచాను. ఆరాక మళ్లీ తూచాను. నాలుగు వందల గ్రాముల తేడా. అంటే ఒక్కో దుప్పటి నుంచి ఎండ నాలుగు వందల గ్రాముల నీళ్లు తాగేస్తోంది. రోజుకి అరవై దుప్పట్లు. ఇరవై నాలుగు కిలోల నీళ్లు. షాపులో చూసిన డ్రయ్యర్ కిలో నీళ్లకి సుమారు ఒక యూనిట్ తింటుంది.

ఇరవై నాలుగు యూనిట్లు. తువ్వాళ్లు, కర్టెన్లు కలపకుండానే.

మూడు సార్లు చూశాను. ఎండ పడే చోటంతా మూసేసి, ఎండతో పదిహేను యూనిట్ల కరెంటు చేసి, ఎండ ఊరికే చేసే పనికి ఇరవై నాలుగు యూనిట్లు ఖర్చు పెట్టాలి. అందుకు మూడు లక్షల పదివేలు ఇవ్వాలి. మా డాబా మీద ఇప్పటికే ఒక ప్లాంటు నడుస్తోంది. దానికి మోకాళ్ల నొప్పులున్నాయి.

అమ్మకి చెప్పాను. యూనిట్ అంటే ఏమిటో సరిగ్గా తెలియదు కానీ ఇరవై నాలుగు పెద్దదా పదిహేను పెద్దదా తెలుసు. మీ నాన్నకి చెప్పు అంది. నా పేరెత్తకు, నువ్వే కనిపెట్టావని చెప్పు, వింటాడు అంది.

పేరెత్తే చెప్తాను.

మార్చి 16

చెప్పాను. నాన్న ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ముందున్న దుప్పటి మడత పెట్టాడు. తర్వాత, మొన్న కరెక్ట్ అన్నావు, ఇవాళ తప్పంటున్నావు, ఏది నమ్మాలి అన్నాడు. ఊరంతా చెప్పుకున్నాను కదమ్మా అన్నాడు. అరిచినా బాగుండేది.

ఇంక ఈ ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగరేమో. సరే అనేసి ఊరుకుంటే నా మాట నిలబడుతుంది. డాబా పోతుంది. నేను మాట నిలబెట్టుకోవడం కోసం అమ్మ డ్రయ్యర్ ముందు స్టూలేసుకుని కూర్చోవాలా? కూర్చోదు. నేను కూర్చోనివ్వను.

మొన్న నేను చూసింది గుణకారం నాన్నా, డాబా చూడలేదు, తప్పు నాది అన్నాను.

మార్చి 18, సాయంత్రం 5.00

మామయ్య వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. నాలుగు ముక్కలు చదవగానే కంపెనీ ఇంజనీర్లకి పాఠాలు చెప్తోందా నీ కూతురు అని అమ్మని అడిగాడు. ఆ ఇంజనీర్లేమన్నా గాజులు తొడుక్కుని కూర్చున్నారా అన్నాడు. నేను నా గాజులు చూసుకున్నాను. ఈ చేతులతోనే తూచాను మామయ్యా, కావాలంటే తక్కెడ ఇంకా ఇక్కడే ఉంది, రా, ఒక దుప్పటి నువ్వూ తూచు అన్నాను.

తూచలేదు. దీన్ని నెత్తికెక్కించుకున్నావు బావా, అనుభవిస్తావు అని నాన్నకి చెప్పి వెళ్లిపోయాడు.

అమ్మ అప్పటిదాకా తువ్వాళ్లు మడత పెడుతూనే ఉంది. తమ్ముడు వీధి దాటాక, వాడికి చిన్నప్పుడు లాగూ నేనే ఆరేసేదాన్ని అంది. అంతే అంది.

మార్చి 22, మధ్యాహ్నం 12.10

అగ్రిమెంట్ రోజు. సోలార్ అతను సంతకానికి పెన్ను తీసి మరీ కూర్చున్నాడు. నాన్న ఆ పెన్ను తీసుకోలేదు. మా అమ్మాయి ఏదో అడుగుతుందట, ముందు దానికి చెప్పండి అన్నాడు. అలా అనమని నేను నాన్నతో చెప్పలేదు. తనే అన్నాడు.

ఫోటో తేదీ చూపించాను. ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. తగ్గితే ఏం చేస్తారో కూడా రాయమన్నాను. అలా ఎవరూ రాసివ్వరు చెల్లెమ్మా అన్నాడు. మొన్నటి పాప చెల్లెమ్మ అయింది. రాసివ్వలేనప్పుడు పాతిక అని ఎందుకన్నారు అన్నాను. ప్రకృతి మన చేతుల్లో ఉందా చెప్పండి అన్నాడు. పక్కింటి ట్యాంకు ప్రకృతి కాదండీ, సిమెంటు అన్నాను. నాన్న దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మా షరతులు చెప్పాను. పది వద్దు, ఆరు చాలు. తూర్పున ఆరో, ఏడో తాళ్ల మీద. అడుగు ఎత్తు కాదు, తొమ్మిది అడుగుల ఇనప ఫ్రేమ్ మీద, కింద మనిషి తిరిగేలా. ఇది నా ఆలోచన కాదు. అమ్మది. రంగు కర్టెన్లు ఎండలో వెలిసిపోతాయని అమ్మ ఆ రెండు తాళ్ల మీద వాటిని తిరగేసి, పైన పాత దుప్పటి కప్పి ఆరేస్తుంది. ఆ కప్పేదేదో మీ అద్దాలే కప్పితే సరి అంది.

కంపెనీ ఒప్పుకోదు మేడమ్ అని ట్యాబ్ మూసేశాడు. మేడమ్ అనిపించుకున్నందుకు సంతోషించాల్సింది. నాకు నా ప్రశ్నకి జవాబే కావాలి.

మామయ్య రాలేదు.

మార్చి 31

ఆఫర్ అయిపోయింది. ఎండ మామూలుగానే వచ్చింది.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం 3.45

ఈరోజు ఆదివారం. సోలార్ అతను ఒక్కడే వచ్చాడు. ట్యాబ్ లేదు, నోట్‌బుక్కు ఉంది. ఆఫీసులో నీడ గడి గురించి అడిగితే పెద్దసారు మాట దాటేశాడట. ఇంతకు ముందు పెట్టిన రెండు ఇళ్లలో యూనిట్లు తక్కువొచ్చి గొడవ నడుస్తోందట. అమ్మగారిని కొంచెం కనుక్కోవచ్చా అన్నాడు.

పదకొండు నుంచి మూడున్నర దాకా అమ్మ వెనకే తిరిగాడు. అమ్మ ఊరికే చెప్పలేదు. తడి దుప్పటి రెండో కొస అతని చేతికిచ్చి పట్టుకోమంది. దులపడం కూడా నేర్పింది. దిగొచ్చేసరికి అతని చొక్కా ముందంతా తడిసిపోయింది. నాన్న ఆ చొక్కా విప్పించి, కాలరు దగ్గర్నుంచి మొత్తం ఇస్త్రీ చేసి ఇచ్చాడు. నెల రోజులుగా ఓర్చుకున్నట్టున్నాడు.

ఏప్రిల్ 14, ఉదయం 8.10

కొత్త కాగితం వచ్చింది. ఆరు ప్యానెళ్లు, తొమ్మిది అడుగుల ఫ్రేమ్, రోజుకి సగటున పన్నెండు యూనిట్లు. నీడ గడిలో ఇప్పుడు ఏ తాడుకి ఏ నెలలో ఎన్నింటికో రాసి ఉంది. ఏడాది యూనిట్లు చెప్పినదానికన్నా పదోవంతుకి మించి తగ్గితే ఆ తేడా వాళ్లే కడతారని సంతకం కూడా ఉంది. రెండు లక్షల పాతిక వేలు. ఆరున్నరేళ్లలో తిరిగొస్తుంది. నాలుగు కాదు. ఈసారి ఎవరూ నాలుగు అనలేదు. అది నాకు నచ్చింది.

నాన్న కాగితం నాకిచ్చి చదవమన్నాడు. చదివాను. చెప్పమంటాడని చూశాను. అమ్మ వైపు తిరిగి, ఏమంటావే అన్నాడు.

ఒక్క క్షణం గుచ్చుకుంది. అబద్ధం రాయను. తర్వాత గుచ్చుకోలేదు.

అమ్మ తొందరపడలేదు. పొద్దున పూట ఆ ఫ్రేమ్ నీడ ఐదో తాడు మీద పడుతుంది అంది. నాకు తట్టనే లేదు. మరెలా అన్నాడు నాన్న. ఎనిమిదింటికల్లా తప్పుకుంటుంది, నేను ఆరేసేది ఎనిమిదిన్నరకి కదా, పెట్టించు అంది. ఫ్రేమ్ కాళ్లకి కొక్కేలు వెల్డింగ్ చేయించమంది. ఎనిమిదో తాడు కట్టుకుంటుందట.

ఇప్పుడు నేను టిక్కు పెట్టాను. ఒక్కటే.

మామయ్య ఇంకా మాట్లాడటం లేదు. కమీషన్ మాత్రం అడిగి పుచ్చుకున్నాడట.

మే 2, ఉదయం 10.00

సోలార్ అతను ఫోన్ చేశాడు. వేరే వీధిలో ఒక డాబా ఉందట, అమ్మగారు ఒక్కసారి వచ్చి నీడ చూసి చెప్తే బాగుంటుందట. అమ్మ నోట్లో క్లిప్పు ఉంది. తీసి, రోజుకెంతిస్తాడో కనుక్కో అంది.