ఆయన సంతకం చోటు

బావగారికి నమస్కారాలు.

మీరు అమెరికా నుంచి పంపిన మీ తమ్ముడి పన్ను కాగితాలు ఎల్‌బీ నగర్‌లో నాకు చేరాయి. తొందరగా పంపమన్న మీ మెసేజ్‌లూ చూశాను.

నిరుడు నేను అమెరికా రాకముందు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పి తీసుకున్న జీతం కూడా చూపాలన్నారు కదా, సర్టిఫికెట్ కోసం నిన్న అక్కడికి వెళ్లాను. మేనేజర్‌కు ఏమీ తెలియదు. "మస్తు రోజులకు వచ్చిన్రు మేడం, సార్ ఎట్లున్నరు?" అన్నాడు. బాగున్నారన్నాను. అతను తెప్పించిన టీ తాగి, కాగితం తీసుకుని వచ్చేశాను.

వీసా రాకముందు ఆయన ఫోన్‌లో మురిసిపోతూ అనేవారు, "నీ జీతం గూడ రాయాలె. ఇగ మనిద్దరిది ఒక్కటే కాగితం" అని. తీరా నేను వచ్చాక నాలుగు నెలలే ఉన్నారు. ఆయన పోయిన ఈ ఒక్క ఏడాదికే ఇద్దరి పేర్లూ కలిపి ఒకే పన్ను కాగితం వేయవచ్చని మీ అకౌంటెంట్ చెప్పాడు. వచ్చే ఏటి నుంచి కుదరదట.

నా చోట సంతకం పెట్టాను. ఆయన సంతకం చోట, బతికి ఉన్న భార్యగా దాఖలు చేస్తున్నానని నన్నే రాయమన్నాడు మీ అకౌంటెంట్. అది నాచేత కావడం లేదు.

ఆఖరి గడువు ఎప్పుడో చెప్పండి బావగారూ. అప్పటిదాకా ఆ చోటు ఖాళీగా ఉండనివ్వండి.

మీ మరదలు